వెనక గేటు నుంచి వచ్చినవి

సోమవారం ఉదయం వెనక గేటు దగ్గర నా కూతురికి నంబరు ఇస్తారు. నాలుగువందల పన్నెండు. ఆదివారం పుట్టిన దుప్పి పిల్ల నాలుగువందల పదకొండు కాబట్టి లెక్క ప్రకారం ఇందులో తప్పేమీ లేదు.

నేను ఈ జూలో ఎడ్యుకేషన్ ఆఫీసర్ని. ఎండాకాలం సెలవుల్లో ఐదు రోజులు పిల్లలకు క్యాంపు పెడతాం. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఏ జంతువు ఏం తింటుంది, ఎలా నిద్రపోతుంది, దేనికి బెదురుతుంది అన్నవి నేర్పుతాను. ఈ ఏడు ముప్పై మంది పిల్లలు. వాళ్ళంతా ముందు గేటు నుంచి వస్తారు, వాళ్ళకు ఫారాలుంటాయి, పచ్చ టోపీలుంటాయి. నా కూతురు తన్మయికి ఫారం లేదు. స్టాఫు పిల్లలకు ఫారం నింపే అలవాటు మా దగ్గర లేదు, తీసుకొచ్చి ఏదో ఒక వరుసలో కూర్చోబెడతాం. పైగా నేను స్కూటరు పెట్టేది వెనక గేటు దగ్గర. వెనక గేటు నుంచి లోపలికి వచ్చే ప్రాణినల్లా వాచ్‌మన్ రాజమల్లు రాకల రిజిస్టరులో రాస్తాడు. జూ పెట్టిన నాటి నుంచీ అదే పద్ధతి.

"ఆడ, ఒకటి, తొమ్మిదేండ్లు, ఒంట్ల బాగనే ఉన్నది," అని పైకి చదువుకుంటూ రాసి పెన్ను నాకిస్తాడు. నేను చదవకుండా సంతకం పెడతాను. ఆ నిమిషంలో నేను క్లాసుకు తీసుకెళ్ళాల్సిన పులి పుర్రె గురించి ఆలోచిస్తున్నాను.

"అమ్మా, నన్ను గూడ రాసుకున్నరా?" అంటుంది తన్మయి.

"అందర్నీ రాస్తరు," అంటాను.

సాయంత్రం నాలుగింటికి ముప్పై మంది తల్లిదండ్రులు వచ్చి ముప్పై మంది పిల్లల్ని తీసుకెళ్తారు. ఐదింటికి లెక్క చూస్తారు. లెక్క అంటే ప్రతి బోను ముందూ నిలబడి, లోపల ఎన్ని ఉన్నాయో రిజిస్టరుతో సరిచూసుకోవడం. ఒక్క పిట్ట తగ్గినా గేట్లు మూయరు. ఆ రోజు నాలుగువందల పన్నెండు ఉండాలి. పందొమ్మిదో నంబరు ఎన్‌క్లోజరు ఖాళీగా ఉంది, అందులో ఉండే ఈమూ పోయినేడు చచ్చిపోయింది. తన్మయిని అందులోకి పంపి, జాలీ తలుపు వేస్తారు. లెక్క సరిపోతుంది.

నాకు ఏడుపు రావాలి. ఎక్కడ రావాలో ఆ చోటు తెలుస్తూనే ఉంది గానీ రాదు. రెండేళ్ళ కిందట రోడ్డు మీద నా భర్త శ్రీకర్ పోయాడు. పదకొండో రోజు అయిపోగానే పన్నెండో రోజు డ్యూటీలో చేరాను. పన్ను పీకే ముందు డాక్టరు ఇచ్చే సూదిమందు లాంటిదేదో అప్పుడెవరో నాకు ఇచ్చినట్టున్నారు, అది ఇంతవరకూ దిగలేదు. బుగ్గ కొరుక్కున్నా తెలియదు. లెక్క సరిపోయిందన్న కాగితం మీద సంతకం చేసి, స్కూటరెక్కి ఇంటికి పోతాను. ఇంట్లో ఇద్దరికి వండి ఒక్కదాన్నే తింటాను. అందుకు నన్ను నేను తిట్టుకోవాలని కూడా తోచదు.

మంగళవారం క్యూరేటర్ నర్సింగరావు గారు నన్ను గదికి పిలుస్తారు. ఆయన మంచి మనిషి. జంతువుల ముందు గొంతు పెంచరు, మనుషుల ముందు అసలే పెంచరు.

"రిజిస్టరుల ఉన్నది ఊకెనే బయటికి పోదు మేడమ్," అంటారాయన. "రెండే తొవ్వలున్నయ్. ఒకటి, మార్పిడి. ఉత్తరాది జూ ఒకటి ఆడపిల్ల కావాలని అడుగుతున్నది, దానికి బదులు రెండు మొసళ్ళు ఇస్తరట. శుక్రవారం ఐదింటికి బండి వస్తది. రెండోది, సొంత ఆవాసంల విడుచుడు. అట్ల విడువాలంటే దాని గురించి మనకు సరిగ్గ తెలిసి ఉండాలె. బోర్డు రాయుండ్రి. అన్నీ నిజమైతే విడుస్తం."

బోర్డులు రాయడం నా పనే. ఈ జూలో ఉన్న బోర్డులన్నీ నేనే రాశాను. ఆడపులి చూలు నూటమూడు నుంచి నూటఐదు రోజులని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నల్ల రేకు మీద తెల్ల అక్షరాలతో నాలుగు గళ్ళుంటాయి. ఆహారం, శత్రువులు, నిద్ర, ఆవాసం. తొమ్మిదేళ్ళు పెంచిన పిల్ల గురించి నాలుగు గళ్ళు నింపడానికి ఎంతసేపు పడుతుంది అనుకుంటాను. ఐదు నిమిషాల్లో నింపేస్తాను.

మా జూలో బోర్డు రాస్తే సరిపోదు, కీపరు పరీక్షించాలి. పందొమ్మిదో నంబరు లచ్చవ్వకు వచ్చింది. లచ్చవ్వ ముప్పై ఏళ్ళుగా కోతులకు, ఎలుగుబంట్లకు తిండి పెడుతోంది. చదువు రాదు. నేను ఆహారం గడిలో రాసిన పప్పన్నం, పెరుగు, అరటిపండు స్టీలు గిన్నెలో పెట్టి జాలీ కింద నుంచి లోపలికి తోస్తుంది. తన్మయి గిన్నెను చూసి, పక్కకు జరిపి, గోడవైపు తిరిగి కూర్చుంటుంది. లచ్చవ్వ తడిగుడ్డతో ఆహారం గడి తుడిచేస్తుంది.

"ఇంట్ల తినేది కదా," అంటాను.

"తినమంటె తిన్నదేమో బిడ్డా," అంటుంది లచ్చవ్వ. "నీకోసం తిన్నదాన్ని దాని తిండి అనరాదు." సాయంత్రానికి మిగిలిన మూడు గళ్ళూ తుడిచేస్తుంది.

బుధవారం నాటికి ఆఫీసు నుంచి పందొమ్మిదో నంబరుకు దారి పెరుగుతుంది. సోమవారం నూట ఇరవై అడుగులు. మంగళవారం దారిలో ఒక మలుపు కొత్తగా వచ్చింది. బుధవారం రెండు కిలోమీటరు రాళ్ళు కనబడతాయి, మధ్యలో ఒకాయన చాయ్ బండి పెట్టుకున్నాడు. ఒక చాయ్ తాగి నడుస్తాను. క్యాంపు పిల్లలు మాత్రం పది అడుగుల్లో చేరిపోతారు, వాళ్ళు వేరే దారిలో వస్తున్నారేమో అడగాలనుకుని మర్చిపోతాను.

ఆ రోజు పాఠం, జంతువును చూడటం. ఇది ఏటా చెప్పేదే. పిల్లలు ఒక ఎన్‌క్లోజరు ముందు వరుసగా కూర్చుంటారు. రెండు నిమిషాలకోసారి నేను ఇత్తడి బెల్లు కొడతాను. బెల్లు మోగిన క్షణంలో జంతువు ఏం చేస్తోందో అదే రాయాలి. ఏం చేయబోతోందో, ఎందుకు చేస్తోందో రాయకూడదు. ఎవరికైనా దాని మీద జాలి కలిగితే అది పేజీ అంచున రాసుకోవచ్చు. ఈసారి ఏ జంతువును చూడాలో పిల్లలే ఎంచుకున్నారు. పందొమ్మిదో నంబరు ముందు కూర్చున్నారు.

నేను బెల్లు కొడతాను. ముప్పై పెన్నులు కదులుతాయి. మళ్ళీ కొడతాను. పిల్లలు బాగా నేర్చుకుంటున్నారు, మధ్యాహ్నానికి ముగ్గురికి జుట్టు నెరుస్తుంది, ఒకడికి కళ్ళజోడు వస్తుంది. బెల్లు కొడుతున్నంతసేపూ నేను చేతిగడియారం వైపే చూస్తాను. రెండు నిమిషాలు రెండు నిమిషాల్లాగే ఉండాలి, లేకపోతే పాఠం చెడుతుంది.

ఫర్హానా అనే పదేళ్ళ పిల్ల అందరికంటే ఎక్కువ రాస్తుంది. సాయంత్రం అందరూ వెళ్ళేటప్పుడు ఆమెను ఆపుతాను.

"నీ నోటుబుక్కు ఒకసారి ఇస్తవా? నేను బోర్డు రాయాలె."

ఫర్హానా పుస్తకాన్ని గుండెకు హత్తుకుంటుంది. "చూడకుండ రాయొద్దని మీరే చెప్పిండ్రు మేడమ్."

"నేను మీ టీచర్ని కదా."

"అందుకే అంటున్న," అంటుంది. మర్యాదగానే అంటుంది. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్తాడు.

బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అంటారు. పదిహేడేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ చూడటం నేర్పానని పేపర్లో ఫోటో కూడా వేశారు. నా పిల్లను చూసి ఎన్నాళ్ళయిందో లెక్క వేస్తాను. పొద్దున జడ వేసేటప్పుడు దాని తల వెనక భాగం చూస్తాను. స్కూటరు మీద అది నా వెనక కూర్చుంటుంది. అన్నం పెట్టేటప్పుడు కంచం చూస్తాను. దాని మొహం శ్రీకర్ మొహమే, చూస్తే ఏమవుతుందో అని చూడను. ఇది ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా ఇప్పుడే చెప్పుకుంటున్నాను.

గురువారం దారి ఇంకా పెరుగుతుంది. పొద్దున బయలుదేరితే పది గంటలకు చేరతాను. క్లాసు చెప్పమని ఫర్హానాకే బెల్లు ఇచ్చేస్తాను. ఇప్పుడు ఆమె వయసు యాభై దాకా ఉంటుంది, బాగానే చెబుతుంది. నేను లచ్చవ్వ పక్కన బెంచీ మీద కూర్చుంటాను.

"ఎట్ల చూడాలె లచ్చవ్వా?" అని అడుగుతాను. అడిగినందుకు సిగ్గుగా ఉండాలి, లేదు.

"ఏమున్నది. కూసో. లేవకు," అంటుంది లచ్చవ్వ.

కూర్చుంటాను. తన్మయి ఈమూ ఈకలు ఏరి ఒక మూల పేర్చింది. వాటిని చిన్నా పెద్దా వరుసలో పెట్టింది. ఎడమ చేత్తో పెట్టింది. నా కూతురిది ఎడమచేతి వాటమని నాకు తెలియదు. ఒకటో తరగతిలో కుడిచేత్తో రాయమని నేనే నేర్పించానని మాత్రం గుర్తుంది.

మధ్యాహ్నం లచ్చవ్వ ఎలుగుబంట్లకు జొన్న గట్క వండిన గిన్నె కడగడానికి తెస్తుంది. అడుగున మాడు పట్టింది. తన్మయి లేచి జాలీ దగ్గరకు వస్తుంది. చెయ్యి బయటకు పెట్టి ఆ మాడును గోటితో గీకి నోట్లో వేసుకుంటుంది. గిన్నె మొత్తం గీకేస్తుంది. అప్పుడు నాకు గుర్తొస్తుంది, ఆదివారాలు శ్రీకర్ కావాలనే అన్నం మాడ్చేవాడు. తండ్రీకూతుళ్ళు గిన్నె మధ్యలో పెట్టుకుని చెంచాలతో గీకేవాళ్ళు. ఆ చప్పుడు భరించలేక నేను వంటింటి తలుపు మూసేదాన్ని. ఈ రెండేళ్ళలో నేను అన్నం ఒక్కసారీ మాడనివ్వలేదు.

ఆహారం గడిలో అడుగంటిన మాడు అని రాస్తాను. లచ్చవ్వ తుడవదు.

మూడు గంటలకు నా ఫోను మోగుతుంది. తన్మయి రెండు చెవులూ మూసుకుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంటుంది. మోత ఆగేదాకా అలాగే ఉంటుంది. శ్రీకర్ పోయాడని ఫోను వచ్చిన రోజు కూడా రింగుటోనుగా ఇదే పాట మోగింది. ఆ ఫోను ఎత్తింది తన్మయి. నేను స్నానం చేస్తున్నాను. పాట మార్చాలని నాకెప్పుడూ తోచలేదు. నాకు ఆ పాట వినబడటం మానేసి రెండేళ్ళయింది.

శత్రువుల గడిలో ఆ పాట పేరు రాస్తాను. ఫోను మొసళ్ళ కోసం తవ్వుతున్న కొత్త గుంటలో పడేస్తాను.

ఆ సాయంత్రం ఇంటికి పోను. ఆ దారిన నడిస్తే తెల్లవారి తిరిగి రావడం కుదరదని చాయ్ బండి ఆయన చెప్పాడు. బెంచీ మీదే ఉంటాను. తన్మయి జాలీకి ఆనుకుని పడుకుంటుంది. నిద్ర గడిలో ఎడమవైపు తిరిగి, పిడికిలి బిగించి, అని రాస్తాను. శుక్రవారం పొద్దున లచ్చవ్వ వచ్చి చూసి తల ఊపుతుంది.

మిగిలింది ఒక్క గడి. ఆవాసం. ఇది సులువు, మా ఇంటి అడ్రసు రాస్తాను. జూ వడ్రంగి వెళ్ళి మా ఇంటి వీధి తలుపును చౌకట్టుతో సహా ఊడదీసి తెచ్చి, ఎన్‌క్లోజరు మధ్యలో నిలబెడతాడు. తలుపు తెరిస్తే అవతల మా ముందుగది ఉంటుంది. సోఫా, టీవీ, దండ వేసిన శ్రీకర్ ఫోటో. తన్మయి తలుపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి తన ఈకల దగ్గర కూర్చుంటుంది. గంటసేపు చూసి లచ్చవ్వ ఆ గడి తుడిచేస్తుంది.

దాని బడి రాస్తాను. అమ్మమ్మ గారి ఊరు రాస్తాను. లచ్చవ్వ చేతిగుడ్డ ఆరడం లేదు. నాలుగున్నరకు ఉత్తరాది బండి ముందుగానే వచ్చేస్తుంది. రెండు మొసళ్ళు కిందికి దిగి, చెట్టు నీడన నిలబడి తమ వంతు కోసం చూస్తుంటాయి. డ్రైవరు వాటికి చాయ్ ఇప్పిస్తాడు. బండిలో తన్మయి కొలతకు చేసిన చెక్కపెట్టె ఉంది. గాలికి రంధ్రాలు చక్కగా పెట్టారు.

"మేడమ్, చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటె ఏం లాభం," అంటారు నర్సింగరావు గారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఐదింటి దాక టైముంది. చూడుండ్రి."

నేను లేచి ఆయన దగ్గరకు రెండడుగులు వేస్తాను. వెనక జాలీ కదిలిన చప్పుడు. తిరిగి చూస్తే తన్మయి లేచి నిలబడి జాలీ పట్టుకుని ఉంది. బెంచీ దగ్గరకు వచ్చి కూర్చుంటాను. అది కూడా కూర్చుంటుంది. కాస్త ఎడమకు జరుగుతాను, అది కూడా అటే జరుగుతుంది. ఆ రోజు నాలుగింటికి ఇళ్ళకు పోని ముప్పై మంది ముసలి పిల్లలు పెన్నులు ఆపి నన్ను చూస్తున్నారు. వాళ్ళకు ఇది బుధవారం నుంచే తెలుసునని వాళ్ళ మొహాలు చూస్తే అర్థమవుతుంది. నేను ఆవాసం గడిలో నా పేరు రాస్తాను. సుచరిత.

లచ్చవ్వ గుడ్డను మడిచి బొడ్లో దోపుకుంటుంది.

"అట్లయితే సర్వే చెయ్యాలె," అంటారు నర్సింగరావు గారు. ఎక్కడ జంతువును విడిచినా ముందు ఆ చోటును పరీక్షించడం నియమం. ఇద్దరు మనుషులు టేపులు తెచ్చి నన్ను కొలుస్తారు. నా పాదాల చుట్టూ నాలుగు సున్నపు రాళ్ళు పాతి హద్దులు పెడతారు. ఒకతను నా వీపుకు చెవి ఆనించి చాలాసేపు వింటాడు.

"సార్, లోపట మస్తు జాగ ఉన్నది," అంటాడు. "చెట్లున్నయ్ గని ఆకుల్లేవు. ఒక వాగున్నది, నీళ్ళు లేవు. వాన పడి రెండేండ్లయినట్టున్నది."

నర్సింగరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. "నీళ్ళు లేని కాడ జంతువును ఎట్ల విడుస్తం మేడమ్? నాలుగు దినాలు బతుకదు. బండిల పోతె ఆడ కడుపు నిండ పెడుతరు, మంచిగ చూసుకుంటరు."

ఆయన అన్నది సబబే. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని, పిల్లలకు అదే పాఠం చెప్పాను. పిల్ల పోతుందని తెలుస్తోంది. ఎవరి పిల్లో పోతున్నట్టు తెలుస్తోంది. అన్నిటికంటే ఎక్కువగా నాకు భయం వేస్తున్నది దానికే.

"విడిచి చూడుండ్రి సార్," అంటుంది లచ్చవ్వ. "నీళ్ళు ఎతుక్కుంటది. ఎతుక్కోలేకపోతె అప్పుడు బండెక్కియ్యుండ్రి."

ఆయన గడియారం చూస్తారు, మొసళ్ళ వైపు చూస్తారు. తర్వాత తల ఊపుతారు.

తన్మయిని చెక్కపెట్టెలోకి ఎక్కించి, పెట్టెను తెచ్చి నాకు ఎదురుగా పది అడుగుల దూరంలో దింపుతారు. అందరూ బండి వెనక దాక్కుంటారు. విడిచేటప్పుడు మనుషులు కనబడకూడదు. లచ్చవ్వ దూరం నుంచి తాడు లాగుతుంది, పెట్టెకు తలుపుగా ఉన్న పలక పైకి లేస్తుంది. చాలాసేపటిదాకా ఏమీ బయటకు రాదు. ఏ జంతువైనా అంతే, తొందరపెట్టకూడదు. నేను దాని మొహం వచ్చే చోటు వైపే చూస్తూ ఉంటాను.

వస్తుంది. వెలుతురుకు కళ్ళు చిట్లిస్తుంది. అచ్చం శ్రీకర్ మొహమే. చూస్తాను. ఏమవుతుందో అని భయపడ్డానే, ఏమీ కాదు, చూపు తిప్పుకోకుండా చూస్తూనే ఉంటాను. అది మెల్లగా నడిచి వచ్చి సున్నపు రాయి దాటుతుంది. నా చున్నీ పక్కకు తప్పించి, తక్కువ ఎత్తు గుమ్మంలో దూరినట్టు తల వంచి, నా పక్కటెముకల మధ్య నుంచి లోపలికి వెళ్తుంది. చెప్పులు బయటే విడుస్తుంది.

లోపల ఎండాకుల మీద దాని అడుగులు వినబడతాయి. ఆగుతుంది, వాసన చూస్తుంది, మళ్ళీ నడుస్తుంది. దూరం చాలా ఉంది. ఇంత దూరం నాలో ఉందని నాకు తెలియదు. ఎక్కడా తొందరపడదు. ఒక ఎండిన కొమ్మను తప్పించి, గట్టు దిగి, వాగులోకి వస్తుంది. ఇసుక మీద నిలబడి అటూ ఇటూ చూస్తుంది.

బండి వెనక ఎవరో గడియారం చూసి ఏదో అంటారు. నేను కదలను. ఊపిరి కూడా చిన్నగా తీస్తాను, లోపల గాలి లేచి ఇసుక దాని కళ్ళలో పడుతుందేమోనని.

తన్మయి మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ఎడమ చేత్తో ఇసుక తోడడం మొదలుపెడుతుంది. ఎండిన వాగులో నీళ్ళ కోసం చెలిమ తవ్వేవాళ్ళు తోడినట్టే తోడుతుంది, అది దానికి ఎవరు నేర్పారో తెలియదు. మణికట్టు దాకా పొడి ఇసుకే. మోచేతి దాకా పొడి ఇసుకే. పక్కలు కూలుతుంటే రెండో చేత్తో ఆపుకుంటూ తోడుతుంది. భుజం దాకా చెయ్యి దించేసరికి దాని వేళ్ళకు తడి తగులుతుంది.

అక్కడ నాకు నొప్పి పుడుతుంది. చాలా నొప్పి. తోడనిస్తాను.